రెండు చేతుల సంపాదన – ఒకే లెక్క

(విజయవాడ గవర్నర్‌పేటలో 2025 డిసెంబర్ మొదటి వారంలో ఉద్యోగులు, చిరు వ్యాపారులు, వారి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆడిటరును కాను, న్యాయవాదిని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, జీతాల బిల్లులు రాస్తూ, తోటి ఉద్యోగుల ఫారం 16లు తయారు చేస్తూ పదవీ విరమణ పొందినవాడిని. ఆదాయపు పన్ను గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, ఈ విషయంలో నేను స్వయంగా చేసిన తప్పును కూడా చెబుతానన్న షరతు మీదే ఒప్పుకున్నాను.

ఈ సభ జరుగుతున్న గవర్నర్‌పేటనే ఒకసారి చూడండి. బీసెంట్ రోడ్డు దుకాణంలో పగలంతా బట్టలు చూపించిన కుర్రవాడు మగ్రిబ్ నమాజు కాగానే ద్విచక్ర వాహనం మీద భోజన పొట్లాలు అందించడానికి బయలుదేరుతున్నాడు. కళాశాలలో పాఠాలు చెప్పే అధ్యాపకుడు సాయంత్రం ఉమ్రా యాత్రికుల బృందాన్ని సమకూరుస్తున్నాడు. ఆటోనగర్‌లో నెల జీతానికి పనిచేసే మెకానిక్ సెలవు రోజున పాత బండ్లు అమ్మించి కమీషన్ తీసుకుంటున్నాడు. వించిపేట, పంజా సెంటర్, భవానీపురం, ఎక్కడ చూసినా ఇదే కథ. ఒక జీతంతో ఇల్లు గడవని రోజులివి. రెండో పని చేయడం తప్పు కాదు, అది శ్రమ. అయితే ఆ రెండో సంపాదనను లెక్కలో ఎక్కడ రాయాలో మనలో చాలామందికి తెలియదు. కొందరికి తెలిసినా భయం. ఈ రెండింటి గురించీ మాట్లాడతాను.

నా తప్పు

పదవీ విరమణ తరువాత ఖాళీగా కూర్చోలేక ఒక యాత్రా సంస్థకు ప్రయాణికులను పరిచయం చేసే పని మొదలుపెట్టాను. 2023-24 ఆర్థిక సంవత్సరంలో నాకు వచ్చిన పెన్షన్ 5,40,000 రూపాయలు. కమీషన్ 2,60,000 రూపాయలు. పెన్షన్ మీద పన్ను పడలేదు, ఎందుకంటే ఆ ఏడాది కొత్త విధానంలో ఏడు లక్షల దాకా రిబేటు ఉంది. కమీషన్ ఇచ్చిన సంస్థ అప్పటి రేటు ప్రకారం ఐదు శాతం, అంటే 13,000 రూపాయలు, టి.డి.ఎస్.గా కోసి మిగతాది ఇచ్చింది. నేనేమనుకున్నాను? 'పెన్షన్‌కు పన్ను లేదు, కమీషన్‌కు ముందే కోసేశారు, ఇక నాకు సంబంధం లేదు' అనుకున్నాను. అంతటితో ఆగినా కొంత నయం. పెన్షన్ ఒక్కటే చూపి రిటర్ను వేసి, ఆ 13,000 వాపసు ఇమ్మని అడిగాను. అంటే కోసిన పన్నును చూపించాను, ఏ ఆదాయం మీద కోశారో దానిని దాచాను. దాచాలని కాదు, తెలియక. కానీ కాగితం మీద ఆ రెండింటికీ తేడా కనిపించదు.

కొన్ని నెలలకు, మీ లెక్కలో తేడా ఉంది, సరిచూసుకోండి అన్న సందేశం వచ్చింది. ముప్పై ఏళ్ళు ఇతరుల లెక్కలు సరిచూసినవాడిని, ఆ రాత్రి నిద్రపోలేదు. మరునాడు కాగితం తీసుకొని కూర్చున్నాను. రెండూ కలిపితే ఎనిమిది లక్షలు. పెన్షన్‌కు వర్తించే స్టాండర్డ్ డిడక్షన్ యాభై వేలు తీసివేస్తే ఏడున్నర లక్షలు. రిబేటు గీత దాటిపోయింది. పన్ను 30,000, సెస్సు 1,200, మొత్తం 31,200. కోసిన 13,000 పోగా ఇంకా 18,200 కట్టాలి. నేనేమో 13,000 తిరిగి ఇమ్మని చేయి చాచాను! డిసెంబర్ 31 గడువులోపే రిటర్నును సవరించి, వడ్డీతో సహా కట్టి బయటపడ్డాను.

మరొక నష్టం కూడా ఉంది. ఆ ఏడాది ఈ పని కోసమే తిరిగిన బస్సు చార్జీలు, ఫోను, కరపత్రాలు కలిపి సుమారు ముప్పై వేలు ఖర్చయి ఉంటాయి. ఆ ఖర్చు చట్టప్రకారం కమీషన్‌లో నుంచి తీసివేయదగినది. తీసివేసి ఉంటే ఆదాయం 7,20,000కు దిగేది. ఏడు లక్షల గీత దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదన్న ఉపశమనం వర్తించి, సెస్సుతో కలిపి 20,800తో పోయేది. నా దగ్గర ఒక్క రసీదు లేదు. డైరీలో ఒక్క పంక్తి లేదు. నిజంగా ఖర్చు పెట్టిన డబ్బును రుజువు చేసుకోలేక 10,400 రూపాయలు అదనంగా కట్టాను. బిల్లుకు వోచరు లేదని ఎంతమంది ఉద్యోగుల బిల్లులు వెనక్కి పంపానో, ఆ రోజు నాకు గుర్తుకు వచ్చింది.

ఇద్దరు ఇచ్చేవారు, ఒక్క పాన్

పొరపాటు ఎక్కడ పుడుతుందో గమనించండి. జీతం ఇచ్చే యజమానికి తాను ఇచ్చే జీతమే కనిపిస్తుంది. కమీషన్ ఇచ్చే సంస్థకు తాను ఇచ్చే కమీషనే కనిపిస్తుంది. ఎవరి మటుకు వారు 'ఇతని ఆదాయం ఇంతే' అనుకొని లెక్క వేస్తారు. రెండింటినీ కలిపి చూసేది ఇద్దరే. ఒకరు మీరు, మరొకరు ఆదాయపు పన్ను శాఖ. ఇద్దరు ఇచ్చేవారూ పంపే సమాచారం ఒకే పాన్ కింద చేరుతుంది. ఫారం 26ఎ.ఎస్.లోనూ, 2021 నుంచి వచ్చిన ఎ.ఐ.ఎస్. అనే వార్షిక సమాచార పట్టికలోనూ అది కనిపిస్తుంది. శాఖ కలిపి చూసేలోపు మనమే కలిపి చూసుకోవాలి. ఈ ప్రసంగమంతటికీ సారాంశం ఇదే.

ఈ ఏడాది, అంటే 2025-26 లెక్కలో ఒక ఉదాహరణ చెబుతాను. కొత్త విధానంలో పన్నెండు లక్షల దాకా పన్ను పడదన్న మాట అందరి నోటా ఉంది. జీతగాళ్ళకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 అదనం. నెలకు 85,000 జీతం తీసుకునే వ్యక్తికి ఏడాదికి 10,20,000. డిడక్షన్ పోగా 9,45,000. పన్ను సున్నా. అదే వ్యక్తికి ఖర్చులు పోను నికర కమీషన్ ఏడాదికి 3,60,000 ఉన్నదనుకోండి. అది విడిగా చూస్తే నాలుగు లక్షల కనీస పరిమితిలోపే. అక్కడా సున్నా. ఇప్పుడు రెండింటినీ కలపండి. డిడక్షన్ పోగా 13,05,000. నాలుగు నుంచి ఎనిమిది లక్షల వరకు ఐదు శాతం చొప్పున 20,000, ఎనిమిది నుంచి పన్నెండు వరకు పది శాతం చొప్పున 40,000, ఆపైన ఉన్న 1,05,000 మీద పదిహేను శాతం చొప్పున 15,750. మొత్తం 75,750. నాలుగు శాతం సెస్సు 3,030 కలిపితే 78,780 రూపాయలు. సున్నాకు సున్నా కలిపితే డెబ్బై ఎనిమిది వేలయింది! కమీషన్ ఇచ్చిన సంస్థ ఏడాదికి ఇరవై వేలు దాటిన కమీషన్ మీద ఇప్పుడు రెండు శాతమే కోస్తుంది. 3,60,000 మీద ఆ కోత 7,200. మిగిలినదంతా మీ బాధ్యతే. కోత రేటు తగ్గిందని సంతోషించకండి. కోత తగ్గిందే గాని పన్ను తగ్గలేదు. ఒకేసారి పడే బరువు పెరిగింది.

పాన్ ఇవ్వకపోతే ఎవరికీ తెలియదనుకునేవారు ఇంకా ఉన్నారు. పాన్ ఇవ్వనివారి వద్ద సాధారణంగా ఇరవై శాతం కోస్తారు. తెలియకపోవడం మాట అటుంచి, చేతికి వచ్చేదే తగ్గిపోతుంది.

జీతమా, కమీషనా?

రెండో పని ఏ స్వభావం గలదో మొదట తేల్చుకోవాలి. రాత్రిపూట ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో నెల జీతానికి పనిచేస్తే అది రెండో జీతం. ఇద్దరు యజమానులలో ఒకరికి రెండో జీతం వివరాలు ఇస్తే, వారే కలిపి లెక్కించి పన్ను కోస్తారు. ఇవ్వకపోతే ఇద్దరూ విడివిడిగా స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు లెక్క కడతారు. అవి ఒక మనిషికి ఒకేసారి వర్తిస్తాయి గాని రెండుసార్లు కాదు. ఏడాది చివర ఆ తేడా మన నెత్తిన పడుతుంది.

కమీషన్ అయితే అది జీతం కాదు, వ్యాపార ఆదాయం. దాని మీద స్టాండర్డ్ డిడక్షన్ రాదు, ఖర్చులు తీసివేయవచ్చు. జీతగాళ్ళు వేసే ఐ.టి.ఆర్.-1 ఇక పనికిరాదు. చిన్న వ్యాపారులకు ఉన్న అంచనా లాభం సదుపాయం కమీషన్ ఏజెన్సీలకు వర్తించదు. కాబట్టి సాధారణంగా ఐ.టి.ఆర్.-3 వేయవలసి ఉంటుంది. నేను మొదట చేసిన తప్పులలో ఫారం తప్పు కూడా ఒకటి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. జీతం మాత్రమే ఉన్నవారు పాత విధానమా, కొత్త విధానమా అన్నది ప్రతి ఏడాదీ ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం చేరగానే ఆ స్వేచ్ఛ తగ్గుతుంది. పాత విధానం కావాలంటే గడువులోపు ఫారం 10-ఐ.ఇ.ఎ. ఇవ్వాలి. ఒకసారి మళ్ళీ కొత్తదానికి వస్తే, ఆ వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం పాతదానికి తిరిగి పోలేరు. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు, బీమా చూపి పాత విధానంలో ఉన్నవారు చిన్న కమీషన్ కోసం ఏజెన్సీ తీసుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగులకు ఒక మాట. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం గాని, ఇతర ఉద్యోగం గాని చేయరాదు. భార్య పేరు మీద ఏజెన్సీ తీసుకొని భర్త తిరగడం నా సర్వీసులో చాలా చూశాను. ఆమె నిజంగా చేసే పని అయితే అది ఆమె ఆదాయం, ఆమె పాన్, ఆమె రిటర్ను. అందులో తప్పేమీ లేదు, అది గౌరవం కూడా. పేరు ఆమెది, పని మనది అయితే ఇటు లెక్కలోనూ అటు ఇంట్లోనూ అన్యాయమే. తన పేరున ఎంత డబ్బు వచ్చిపోతున్నదో తెలియని సోదరీమణులు ఈ సభలోనే ఉండవచ్చు. ఇంటికి వెళ్ళి అడగండి.

యాత్రికుల డబ్బు అమానత్

మన సమాజంలో విస్తరిస్తున్న రెండో పని ఉమ్రా బృందాల సమీకరణ. దీనిని విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం కమీషన్‌లో లేదు, డబ్బు నడిచే దారిలో ఉంది.

నాకు తెలిసిన ఒక ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు, మంచి మనిషి, పదిహేను మందిని కూడగట్టాడు. మనిషికి లక్ష చొప్పున తన పొదుపు ఖాతాలోనే జమ చేసుకున్నాడు. ఎక్కువ భాగం నగదు. తరువాత పదిహేను లక్షలూ తన పేరుతో, తన పాన్ మీద యాత్రా సంస్థకు కట్టాడు. నయాపైసా తినలేదు. కానీ కాగితం ఏమి చెబుతుంది? ఒక ఏడాదిలో పొదుపు ఖాతాలో పది లక్షలు, ఆపైన నగదు జమ అయితే బ్యాంకు ఆ సమాచారం పన్ను శాఖకు పంపుతుంది. విదేశీ యాత్రా ప్యాకేజీ అమ్మే సంస్థ కొనుగోలుదారు నుంచి టి.సి.ఎస్. వసూలు చేయాలి. 2025-26 ఆర్థిక సంవత్సరంలో పది లక్షల దాకా ఐదు శాతం, ఆపైన ఇరవై శాతం. పదిహేను మంది ఎవరి పాన్ మీద వారు కడితే తలా ఐదు వేలు, మొత్తం డెబ్బై ఐదు వేలు. ఒక్కడి పాన్ మీద కట్టినందువల్ల మొదటి పది లక్షల మీద యాభై వేలు, మిగతా ఐదు లక్షల మీద లక్ష, మొత్తం లక్షా యాభై వేలు! అదీ అతని పేరున. పదిహేను మంది యాత్రికులలో ఒక్కరు కూడా తమ వాటా వాపసు కోరే వీలు లేకుండా పోయింది.

ఇంతటితో తీరలేదు. ఆ పదిహేను లక్షలు ఎక్కడివని అడిగితే చూపడానికి అతని వద్ద రసీదు పుస్తకం లేదు. వివరణ ఇవ్వలేని డబ్బు మీద 2025-26లో చట్టం విధించిన పన్ను, సర్‌చార్జి, సెస్సు కలిపి 78 శాతం. పదిహేను లక్షల మీద అది 11,70,000 రూపాయలు. యాత్రికులను ఒక్కొక్కరినీ కలిసి, ఎవరు ఎప్పుడు ఎంత ఇచ్చారో రాతపూర్వకంగా తెచ్చుకొని అతను గట్టెక్కాడు. అందరూ బతికి ఉండి, అందరూ అతనిని ప్రేమించేవారు కాబట్టి సాధ్యమైంది.

కనుక నా మనవి ఇది. యాత్రికుల డబ్బు మీ ఖాతా గుండా నడవనీయకండి. ఎవరి డబ్బు వారి పాన్‌తో, వారి ఖాతా నుంచి నేరుగా సంస్థకు పోవాలి. మీకు రావలసిన కమీషన్ విడిగా మీ ఖాతాకు రావాలి. ఒకరి వద్ద ఒకే రోజున రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టప్రకారం నిషిద్ధమన్నది కూడా గుర్తుంచుకోండి. యాత్ర చేసి వచ్చిన కుటుంబాలు తమ 26ఎ.ఎస్. చూసుకోవాలి. అందులో కనిపించే టి.సి.ఎస్. మీ డబ్బే. పన్ను పడనివారికి రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. జీతగాళ్ళు ఫారం 12బి.ఎ.ఎ. ద్వారా యజమానికి తెలిపి జీతం కోతలోనే సర్దుబాటు చేయించుకోవచ్చు.

మరొక ప్రశ్న తరచు వస్తుంది. ఇంతమందిని తెచ్చినందుకు సంస్థ ఒక సీటు ఉచితంగా ఇస్తే అది ఆదాయమా? అవును. వ్యాపార సంబంధం వల్ల వచ్చిన ప్రయోజనం డబ్బు రూపంలో లేకపోయినా ఆదాయమే. దాని విలువ ఏడాదికి ఇరవై వేలు దాటితే పది శాతం టి.డి.ఎస్. నిబంధన 2022 జూలై 1 నుంచి ఉంది. చిన్న సంస్థలకు ఆ కోత బాధ్యత లేకపోవచ్చు, కానీ పుచ్చుకున్నవారి బాధ్యత పోదు. అల్లాహ్ గృహానికి వెళ్ళే ప్రయాణం మీద లెక్క తేలని బాకీ ఉండకూడదని మీరూ కోరుకుంటారు.

రాసి పెట్టుకోవడం

దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆయత్ సూరా అల్ బఖరాలోని 282వది. అది అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించి. నమాజు గురించి, ఉపవాసం గురించి కాదు, లెక్క రాయడం గురించి అంత వివరంగా ఆదేశం ఉన్న ధర్మం మనది. అటువంటి మనం జేబులో ఒక చిన్న డైరీ పెట్టుకోలేమా?

డైరీలో మూడు గళ్ళు చాలు. తేదీ, ఎవరి నుంచి ఎంత వచ్చింది, ఈ పని కోసమే ఎంత ఖర్చయింది. పెట్రోలు ఇంటి పనికీ ఏజెన్సీ పనికీ కలిసి పోస్తే, ఏజెన్సీ భాగం మాత్రమే రాయండి. రెండో పని డబ్బుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉంటే సగం తగాదా తీరిపోతుంది. కోత పెట్టిన సంస్థ నుంచి మూడు నెలలకొకసారి ఫారం 16ఎ అడిగి తీసుకోండి. కోసి కూడా ప్రభుత్వానికి కట్టని సంస్థలు ఉంటాయి. 26ఎ.ఎస్.లో కనిపిస్తేనే అది మీ ఖాతాకు చేరినట్టు.

ముందస్తు పన్ను మాట కూడా చెప్పాలి. కోతలు పోను ఏడాదికి పది వేలు, ఆపైన పన్ను మిగిలేటట్టుంటే జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 తేదీలలో వాయిదాలుగా కట్టాలి. డిసెంబర్ 15 నాటికి డెబ్బై ఐదు శాతం పూర్తి కావాలి. లేకుంటే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ. అరవై ఏళ్ళు దాటిన పెన్షనర్లకు ఇందులో మినహాయింపు ఉంది గాని, వ్యాపార ఆదాయం లేనివారికి మాత్రమే. కమీషన్ పుచ్చుకున్న నాకు ఆ మినహాయింపు దక్కలేదు. ఈ తలనొప్పి వద్దనుకునే జీతగాళ్ళు ఇతర ఆదాయం వివరం ప్రధాన యజమానికి ఇస్తే, ప్రతి నెలా జీతం నుంచి కొద్దికొద్దిగా కోస్తారు.

వాపసు ఇప్పిస్తామనేవారు

'మీకు యాభై వేలు వాపసు ఇప్పిస్తాను, అందులో నాకు ఇంత ఇవ్వండి' అనేవారిని నమ్మకండి. లేని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం, చెల్లించని వైద్య బీమా మీ పేరున రాస్తారు. కింద సంతకం మీది. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇటువంటి మధ్యవర్తుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అప్పటికి నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సవరించి 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ఆ శాఖే ప్రకటించింది. తప్పుగా చూపినట్టు తేలితే ఆ మేరకు పడే పన్నుకు రెండు రెట్ల జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. మధ్యవర్తి అప్పటికి ఫోను మార్చేసి ఉంటాడు.

చిన్న సంపాదన, పెద్ద భయం

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన మాట. పైన చెప్పిన లెక్కలు కొద్దిమందివి. మనలో ఎక్కువమంది సంపాదన పన్ను గీతకు చాలా దిగువన ఉంటుంది. వారి సమస్య పన్ను కాదు, భయం.

ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. దుకాణంలో ఏడాదికి లక్షా ఇరవై వేలు, రాత్రి డెలివరీలో మరో లక్షా ఇరవై వేలు. డెలివరీ సంస్థ ఒక శాతం, అంటే 1,200 రూపాయలు కోసింది. "రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది బాబూ" అన్నాను. "వద్దు చాచా, రిటర్ను వేస్తే మేము పన్ను కట్టేవాళ్ళమని రాసుకుంటారు. చెల్లెలి కాలేజీ ఫీజు ఆగిపోతుంది. ఆ 1,200 పోతే పోనీయండి" అన్నాడు.

అతనిని తప్పు పట్టలేకపోయాను. మన రాష్ట్రంలో బోధన రుసుముల పథకానికి కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు మించరాదని, కుటుంబంలో ఆదాయపు పన్ను చెల్లించేవారు ఉండరాదని ఇటీవలి ఏళ్ళలో నిబంధనలు అమలయ్యాయి. బియ్యం కార్డుకూ పన్ను చెల్లింపుదారు నిబంధన ఉంది. ఆ నిబంధనలను నేను ప్రశ్నించడం లేదు. కానీ రిటర్ను వేయడం వేరు, పన్ను చెల్లించడం వేరు. ముందుగా కోసిన డబ్బును వాపసు తీసుకున్నవాడు పన్ను చెల్లించినవాడు కాడు, అధికంగా పోయిన తన డబ్బును తెచ్చుకున్నవాడు. ఈ రెండింటినీ ఎక్కడైనా కలిపివేసి పేద కుటుంబం హక్కును ఆపితే, అది అడగవలసిన అన్యాయం.

అడగడానికి ఆయుధం కూడా రిటర్నులోనే ఉంది. రిటర్ను పరిశీలించిన తరువాత శాఖ పంపే సమాచార పత్రంలో మొత్తం ఆదాయం ఎంత, చెల్లించవలసిన పన్ను ఎంత అన్నది స్పష్టంగా ఉంటుంది. అక్కడ 'సున్నా' అన్న అక్షరం పేదవాడికి అండ. దానిని ముద్రించుకొని దరఖాస్తుకు జతచేసి, అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆ కుర్రవాడి విషయంలో మేము చేసింది అదే. రిటర్ను వేశాడు, 1,200 వచ్చింది, పత్రం దాచుకున్నాడు. చెల్లెలు చదువుకుంటోంది.

అయితే ఇందులో మన వైపు నిజాయితీ కూడా కావాలి. బ్యాంకు అప్పు కోసం రిటర్నులో ఆదాయం పెంచి, ఆదాయ ధ్రువపత్రంలో తగ్గించి రాయించుకునే అలవాటు మనలో లేదని నేను అనలేను. ఒకే ఇంటికి రెండు ఆదాయాలు ఉండవు. ఆ రెండు కాగితాలు ఏదో ఒక రోజు ఒకే బల్ల మీదికి వస్తాయి. ఆ రోజు నష్టపోయేది ఒక కుటుంబమే కాదు, నిజంగా అర్హత గల పది కుటుంబాల మీద కూడా అనుమానం పడుతుంది. హక్కును అడిగే నోరు లెక్క చెప్పగలిగే నోరై ఉండాలి. కాగితాలంటే మన సమాజానికి ఈ మధ్య ఎంత కలవరమో నాకు తెలుసు. కాగితం లేకపోవడం ఆ కలవరానికి మందు కాదు, సరిగ్గా ఉండటమే మందు.

జకాత్ గురించి కొందరు అడిగారు. ప్రభుత్వానికి కట్టిన పన్ను జకాత్ కాదు, ఇచ్చిన జకాత్ పన్నులో తగ్గదు. గుర్తింపు పొందిన సంస్థలకు ఇచ్చిన విరాళాలకు పాత విధానంలో కొంత మినహాయింపు ఉంది, కొత్త విధానంలో అదీ లేదు. జకాత్‌ను అల్లాహ్ కోసం ఇవ్వండి, పన్నును చట్టం కోసం కట్టండి. ఏ సంపాదన హలాల్, ఏ ఏజెన్సీ తగినది అన్న ప్రశ్నలకు సమాధానం ఉలమాల వద్ద ఉంది, నా వద్ద లేదు.

ఈ నెలలో చేయవలసినది

ఇంటికి వెళ్ళాక మూడు పనులు చేయండి. మొదటిది, మీ పాన్‌తో ఆదాయపు పన్ను పోర్టల్ తెరిచి ఎ.ఐ.ఎస్., 26ఎ.ఎస్. చూడండి. మీకు తెలియని ఆదాయం మీ పేరున ఉంటే అక్కడే అభ్యంతరం తెలపవచ్చు. రెండవది, 2024-25 రిటర్ను వేయనివారికి, తప్పుగా వేసినవారికి ఈ డిసెంబర్ 31 గడువు. ఆలస్య రుసుము ఐదు వేలు, ఆదాయం ఐదు లక్షలలోపు అయితే వెయ్యి. అంతకు ముందరి ఏళ్ళలో ఆదాయం దాగిపోయి ఉంటే నవీకరించిన రిటర్ను వేసే అవకాశాన్ని ఇప్పుడు నాలుగేళ్ళకు పెంచారు. ఆలస్యాన్ని బట్టి పన్ను మీద ఇరవై ఐదు నుంచి డెబ్బై శాతం దాకా అదనం కట్టాలి. దాని ద్వారా వాపసు అడగడానికి మాత్రం వీలు లేదు. మూడవది, ఈ ఏడాది రెండు సంపాదనలను కలిపి లెక్క వేసి, పన్ను పడేటట్టుంటే డిసెంబర్ 15లోపు వాయిదా కట్టండి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వస్తున్నది. సెక్షన్ల సంఖ్యలు మారతాయి. అందుకే మీకు సెక్షన్లు చెప్పలేదు. రెండు చేతుల సంపాదన ఒకే లెక్కలో చేరాలన్న సూత్రం మాత్రం మారదు.

చివరగా పెద్దలకు ఒక విన్నపం. చదువుకున్న యువతీ యువకులు మన మొహల్లాలలో చాలామంది ఉన్నారు. జుమా తరువాత ఒక గంట, మస్జిద్ ఆవరణలో ఒక బల్ల వేసి, వచ్చినవారికి వారి వార్షిక సమాచార పట్టిక తెరిచి చూపిస్తే చాలు. పాస్‌వర్డ్ వారిదే, సంతకం వారిదే, మనం కేవలం చదివి వినిపించేవారం. మహిళలకు విడిగా ఒక సమయం కేటాయించండి. కష్టమైన కేసు అయితే ఆడిటరు వద్దకు పంపండి. ఆ బల్ల దగ్గర మొదటి కుర్చీలో కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. తప్పు చేసి దిద్దుకున్నవాడికి ఆ తప్పు ఎదుటివాడి కాగితంలో త్వరగా కనిపిస్తుంది.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, మన లెక్కలలో సత్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.